కంప్యూటరుకు కుట్టిన గలీబు

మా పిన్నిని చుట్టాలందరూ గలీబుల పిన్ని అంటారు. వెనకాల అనేవాళ్లు కొందరు, ముఖం మీదే అనేవాళ్లు కొందరు. ఎవరన్నా ఆవిడ పలుకుతుంది, ఎందుకంటే ఆవిడ పనే అది. మొదట్లో దిండ్లకు గలీబులు కుట్టేది. తర్వాత సోఫాలకు, కార్లకు, ఆఫీసుల్లో జిరాక్సు మిషన్లకు, ఒకసారి ఎవరిదో పెద్ద డోలుకు కూడా కుట్టిపెట్టింది. ఏ వస్తువును చూసినా ఆవిడ కంటికి ముందు కొలతలు కనిపిస్తాయి, తర్వాతే వస్తువు. నా పెళ్లిలో మా ఆయన్ని కిందినుంచి పైదాకా ఆవిడ చూసిన చూపుకు, ఈయనకు కూడా ఒకటి కుట్టేస్తుందేమోనని నేను భయపడ్డాను.

వాళ్లిల్లు లారీలు తిరిగే రోడ్డు మీద, ఒక ఇనుప సామాన్ల కొట్టుకు పైన. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. పిన్నికి దుమ్ముతో పాత పగ. పెళ్లయిన కొత్తలో కొనుక్కున్న మొదటి కుట్టుమిషను ఆ దుమ్ము తిని తిని ఒకనాడు చక్రం తిరక్కుండా బిగుసుకుపోయిందట. మనిషి పోయినట్టు ఏడ్చిందని బాబాయి చెప్పేవాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఏ వస్తువూ ఒంటిమీద బట్ట లేకుండా ఉండదు. ఫ్రిజ్జుకు తొడుగు, దాని పిడికి వేరే తొడుగు, టీవీకి, మిక్సీకి, గ్యాసు సిలిండరుకు, ఆఖరికి గోడ గడియారానికి కూడా. దానికి మాత్రం ముఖం వరకు వదిలిపెట్టింది. టైము చూసుకోవాలి కదా అంటుంది, పెద్ద దయ తలచినట్టు.

అయితే ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ఆ తొడుగులన్నీ తీసేయాలి. మనుషులొస్తే మనం మంచి బట్టలు కట్టుకుంటాం, వాళ్లింట్లో సామాన్లు బట్టలు విప్పుకుంటాయి. అన్నీ తళతళలాడాలి, చూసినవాళ్లు నిన్ననే కొన్నారా అని అడగాలి, అదీ పిన్ని సరదా. అందుకే తలుపు కొట్టాక తీయడానికి వాళ్లకు కాస్త సమయం పట్టేది. లోపల గుడ్డలు లాగుతున్న చప్పుడు, ఆ మూలది మరిచిపోయారని పిన్ని గుసగుస, తర్వాత బాబాయి తలుపు తీసి ఏమీ ఎరగనట్టు నవ్వడం. చిన్నప్పుడు సెలవులన్నీ వాళ్లింట్లోనే గడిపాను కాబట్టి ఈ గుట్టు నాకు తెలుసు. పెళ్లయి వేరే ఊరు వెళ్లాక నన్నూ చుట్టాన్ని చేసేశారు. నేను వస్తున్నానని ఫోను చేస్తే చాలు, నేను చేరేసరికి ఇల్లంతా మెరుస్తూ ఉండేది.

బాబాయి బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఎక్కడ నిలబడి ఉందో, ఏది ఆలస్యంగా వస్తుందో పొద్దస్తమానం మైకులో చెప్పడమే ఆయన ఉద్యోగం. ఆయన ముఖం ఎవరికీ తెలియదు, గొంతు అందరికీ తెలుసు. ఒకసారి బేరమాడుతుంటే గొంతు గుర్తుపట్టిన పళ్ల బండివాడు, మిమ్మల్ని నమ్మి మొన్న బస్సెక్కి కూర్చుంటే గంటసేపు కదల్లేదని ఆయనతో తగువు పెట్టుకున్నాడు. ఇంట్లోనూ అదే ధోరణి. ఆకలేస్తే, వంటింటి నుంచి హాలుకు రావలసిన పళ్లెం ఇంకా బయలుదేరలేదని ప్రకటించేవాడు. మైకు ముందు కూర్చునే మనిషి కదా, ఏదైనా చెప్పబోయే ముందు "ఏమోయ్, వినిపిస్తోందా?" అని అడగడం ఆయనకు అలవాటు. పిన్ని మిషను తొక్కుతూ, తలెత్తకుండానే, "వినిపిస్తోంది లెండి" అనేది. వాళ్లిద్దరి కాపురమంతా ఆ రెండు మాటల మీదే నడిచిందంటే అతిశయోక్తి కాదు.

చివరికి ఆ గొంతుకే జబ్బు వచ్చింది. మొదట బొంగురు అన్నారు, తర్వాత ఇంకేదో అన్నారు, ఆఖరికి డాక్టరు గొంతుపెట్టె తీసేయక తప్పదన్నాడు. తీస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదు. పిన్ని ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు, మనిషి చాలు అంది. బాబాయి మాత్రం ఆ సాయంత్రం బాల్కనీలో ఒక్కడే కూర్చుని, కింద పోతున్న బస్సుల పేర్లు తనలో తాను చదువుకున్నాడట. ఆ సంగతి పిన్ని నాకు ఫోనులో చెబుతుంటే నా గుండె చెరువైంది.

మాట పోయినవాళ్లకు మాట్లాడే దారులు నేర్పే అమ్మాయి ఒకామె ఆ ఆసుపత్రిలో ఉంది. ఆపరేషను లోపు రోజూ అవసరమయ్యే మాటలు మీ గొంతుతోనే రికార్డు చేసుకోండి, తర్వాత కంప్యూటరులో మీట నొక్కితే మీ మాటే వినిపిస్తుంది అని ఆమె చెప్పింది. ఎలా పెట్టుకోవాలో కూడా చూపించింది. బాబాయి ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరు సంపాదించి హాల్లో, పిన్ని కుట్టుమిషనుకు ఎదురుగా పెట్టుకుని, ముందు మైకు పెట్టుకుని కూర్చున్నాడు. మనిషికి ఇంట్లో రోజూ కావలసిన మాటలు ఏమిటా అని ఆలోచిస్తే చాలా తక్కువే తేలాయని ఆయనే ఆశ్చర్యపోయాడు. ఏమోయ్. మంచినీళ్లు. ఫ్యాను వేస్తావా. ఎవరో వచ్చారు చూడు. ఉప్పు తక్కువైంది. చాలా బాగుంది. కుట్టింది చాలు, ఇక లే. ఎక్కడికి? జాగ్రత్తగా వెళ్లిరా. ఒక నవ్వు కూడా రికార్డు చేశాడు. అది ఎన్నిసార్లు చేసినా దొంగనవ్వులాగే వచ్చిందని, చివరికి పిన్ని చేత జోకు చెప్పించుకుని నిజంగానే నవ్వాడు.

మీటల మీద పిన్ని రంగురంగుల గుడ్డముక్కలు అంటించింది. ఎరుపు నొక్కితే "ఏమోయ్". నీలం నొక్కితే "మంచినీళ్లు". పూలగుడ్డ నొక్కితే "చాలా బాగుంది". ఉప్పు తక్కువైందన్న మీటకు మాత్రం ఎక్కడో అడుగున, కనిపించీ కనిపించని తెల్లముక్క అంటించింది. బాబాయి వెతికి వెతికి దాన్నే ఎక్కువ నొక్కేవాడు.

ఆపరేషను అయింది, బాబాయి ఇంటికి వచ్చాడు. మెడ దగ్గర ఒక రంధ్రం, అందులోంచి ఊపిరి. చెప్పదలచుకుంటే పెదాలు కదులుతాయి, చప్పుడు రాదు. ఆ మనిషిని అలా చూడలేక నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. అప్పుడు హాల్లోంచి బాబాయి గొంతు నిక్షేపంగా వినిపించింది: "ఏమోయ్... మంచినీళ్లు." పిన్ని గ్లాసు పట్టుకుని నా పక్కనుంచే పరుగెత్తింది. అంతకుముందు ఎప్పుడూ ఆయన మంచినీళ్లకు అంత పరుగు పెట్టలేదు. తనే వెళ్లి తాగకూడదూ అనేది.

నాలుగైదు నెలలు బాగానే జరిగింది. ఆ తర్వాత ఎండలు ముదిరేసరికి కంప్యూటరు హ్యాంగ్ అవడం మొదలుపెట్టింది. బొమ్మ బిగుసుకుపోతుంది, మౌసు కదలదు, ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. మొదటిసారి అది సరిగ్గా మాట మధ్యలో ఆగి, "మంచి... మంచి... మంచి..." అని అదే ముక్క పట్టుకుందట. మనల్నే మెచ్చుకుంటోందని పిన్ని నవ్వింది. రానురాను ఆ నవ్వు పోయింది. బాబాయి గొంతు ఒక్క ముక్క దగ్గర ఇరుక్కుని హాలంతా అరుస్తూ ఉంటే, ఆపడానికి వాళ్లకు తెలిసిన దారి ఒక్కటే, పరుగెత్తి ప్లగ్గు పీకేయడం.

నేను ఒక లైబ్రరీలో పుస్తకాల వివరాలు కంప్యూటరులోకి ఎక్కించే ఉద్యోగం చేస్తాను. అంతమాత్రానికే మా చుట్టాల్లో నేను కంప్యూటరు డాక్టర్ని. కాబట్టి ఫోను నాకే వచ్చింది. ఇక ఆ వైద్యం చూడాలి. కంప్యూటరు ముందు కూర్చునే మనిషికి మాట లేదు, మాట ఉన్న మనిషికి కంప్యూటరు రాదు. నేను పిన్నికి చెప్పాలి, పిన్ని బాబాయికి చెప్పాలి, బాబాయి చేసి చూపిస్తే అక్కడ ఏం కనిపిస్తోందో పిన్ని నాకు చెప్పాలి. "కిటికీ లాంటిదొకటి వచ్చిందే, అందులో ఏదో తిరుగుతోంది" అనేది. ఏం తిరుగుతోందంటే, గుండ్రంగా తిరుగుతోంది అనేది. వైరస్ వెతికే ప్రోగ్రాం నడిపించాను. అక్కర్లేనివన్నీ తీయించాను. వైర్లు ఊడదీసి పెట్టించాను. నాకు తల ప్రాణం తోకకొచ్చేది, ఫోను పెట్టేసరికి చెవి వేడెక్కేది. మర్నాడు మళ్లీ అదే.

లాభం లేదని నేనే బయలుదేరి వెళ్లాను. నేను ఉన్నంతసేపూ కంప్యూటరు బుద్ధిమంతురాలిలా నడిచింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బాబాయి ఎన్ని మీటలు నొక్కినా ఎక్కడా ఆగలేదు. నేను తిరిగి మా ఊరు చేరేసరికి ఫోను, మళ్లీ బిగుసుకుందని. ఇంకోసారి వెళ్లాను, మళ్లీ అదే వరస. "నిన్ను చూస్తే దానికి భయమే" అని పిన్ని అంది. నేను నవ్వాను గాని లోపల చిర్రెత్తుకొచ్చింది. వీళ్లు నేను లేనప్పుడు ఏదో చేస్తున్నారనీ, అదేమిటో చెప్పడం లేదనీ అనుమానం. మాటలన్నీ ఇంకోచోట కూడా దాచావా అని బాబాయిని అడిగితే, మీటల్లో లేని మాటలకని పక్కన ఉంచుకునే పలక మీద "రెండు చోట్ల ఉన్నాయి" అని రాసి చూపించాడు. జాగ్రత్త మనిషి. అక్కడికి నా మనసు కాస్త కుదుటపడింది.

ఒకసారి కంప్యూటరును వీధి చివరి మెకానిక్కు దగ్గరికి కూడా మోసుకెళ్లారట. అతను విప్పి, గాలి కొట్టి, లోపల కాస్త దుమ్ము చేరిందనీ, ఇక మీదట దుమ్ము పట్టకుండా చూసుకోమనీ చెప్పి పంపాడు. ఆ మాట పిన్నికి అమృతంలా అనిపించింది. నేను ముందే చెప్పాను దుమ్మేనని, అని నాకు ఫోను చేసి మరీ చెప్పింది. ఆ గొంతులో ఎన్నాళ్లకో కాస్త ధైర్యం వినిపించింది. ఇక దుమ్ము సంగతి తను చూసుకుంటానంది. పనిలో పనిగా దారపు రీళ్లు కనిపించకుండా పోతున్నాయని కూడా చెప్పింది. ఖాళీ రీళ్లే, పారేయబుద్ధి కాక డబ్బాలో వేసి ఉంచుకుంటుంది. మీ బాబాయి ఏం చేస్తున్నారో ఏమో, అడిగితే ఉప్పు తక్కువైందన్న మీట నొక్కుతున్నారని మొత్తుకుంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఆఫీసు పని మీద ఆ ఊరికే వెళ్లవలసి వచ్చి, పని త్వరగా అయిపోవడంతో చెప్పాపెట్టకుండా వాళ్లింటికి వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. పిన్ని పక్క వీధిలో ఎవరికో కారు తొడుగు ఇచ్చి రావడానికి వెళ్లింది. బాబాయి కుర్చీలో కునుకు తీస్తున్నాడు. ఇల్లంతా బట్టలు కట్టుకుని ఉంది. ఫ్రిజ్జు, టీవీ, గడియారం, అన్నీ చిన్నప్పుడు నేను చూసినట్టే. చూసి నవ్వుకుంటూ హాల్లోకి వచ్చేసరికి బల్ల కింద, కంప్యూటరు డబ్బా ఉండవలసిన చోట, నీలం రంగు మందపాటి గలీబు ఒకటి కనిపించింది.

లోపల కంప్యూటరు నడుస్తోంది. ఫ్యాను గోల గుడ్డలోంచి బయటికి వినిపిస్తోంది. చెయ్యి పెట్టి చూస్తే ఇస్త్రీ పెట్టె ముట్టుకున్నట్టు కాలింది. అప్పుడు నాకు అంతా అర్థమైంది. నేను వస్తున్నానంటే ఈ గలీబు తీసేవాళ్లు, అది హాయిగా నడిచేది. నేను వెళ్లగానే తొడిగేవాళ్లు, అది ఊపిరాడక బిగుసుకుపోయేది. మెకానిక్కు దగ్గరికీ గలీబు తీసే తీసుకెళ్లి ఉంటారు. దుమ్ము పట్టకూడదని, పిన్ని గాలి పోయే చోటల్లా మూసి, ముందు వైపు ఆన్ చేసే మీటకు, వెనక వైరుకు మాత్రం కన్నాలు వదిలి, అంచులకు పైపింగు పెట్టి మరీ కుట్టింది. బిగుసుకున్నప్పుడల్లా దుమ్మే అనుకుని ఇంకో పొర వేసింది. మడత తిప్పి చూస్తే లోపల ఒక పొర, దాని లోపల ఇంకోటి, మధ్యలో స్పాంజి.

గలీబు పైకి లాగాను. వెనక అంచు కింది నుంచి దారపు రీళ్లు దొర్లుకుంటూ నేల మీదికి వచ్చాయి. గుడ్డ నేలకు ఆనకుండా, కాస్త గాలి ఆడేలా, ఎవరో అంచు కింద వాటిని వరసగా నిలబెట్టారు. వెనక్కి తిరిగి చూస్తే బాబాయి మేలుకుని నన్నే చూస్తున్నాడు. లేచి వచ్చి పెదాల మీద వేలు పెట్టి, పలక అందుకుని రాశాడు: "తనకు చెప్పకు."

నాకు ఒళ్లు మండింది. నీకు తెలిసీ ఊరుకున్నావా, ఒక్క మాట రాసి చూపిస్తే పోయేది కదా అని అడిగాను. ఆయన గలీబు నా చేతుల్లోంచి తీసుకుని నీలం గుడ్డను తిప్పి చూపించాడు. ఒక చోట జేబు, జేబు మీద బస్టాండు బిళ్ల ఊడదీసిన గుర్తు. అవి ఆయన డ్యూటీ చొక్కాలు. పలక తుడిచి మళ్లీ రాశాడు: "ఆపరేషను అవుతుంటే బయట బెంచీ మీద కూర్చుని చేత్తో కుట్టింది."

అంతలో గుమ్మంలో పిన్ని. నన్ను చూసి ముఖం వికసించబోయి, నేల మీద రీళ్లు చూసి ఆగింది. గలీబును చూసింది, బాబాయిని చూసింది, పలకను చూసింది. మా పిన్ని వాగుడుకాయే గాని తెలివితక్కువది కాదు. బట్ట ఎక్కడ బిగుతైందో చూపుతోనే చెప్పగల మనిషికి ఇది ఎవరు చెప్పాలి? వంగి రీళ్లను ఏరి కొంగులో వేసుకుంది.

పిన్నిని పలకరించడానికి కాబోలు, బాబాయి కంప్యూటరు ముందు కూర్చుని ఎర్రగుడ్డ మీట నొక్కాడు. "ఏమో... మో... మో... మో..." ప్లగ్గు పీకడానికి ఎవరూ లేవలేదు. కాసేపటికి అదే ఆగింది. లోపల ఏదో టకటకమని కొట్టుకుంది. బొమ్మ పోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు మీట నొక్కినా ఆ టకటక తప్ప ఇంకేమీ రాలేదు.

మెకానిక్కు చూసి పెదవి విరిచాడు. మాటలన్నీ దాచి ఉంచే డిస్కు పోయిందన్నాడు. వేడికి కొంత, నడుస్తుండగా ప్లగ్గు పీకడం వల్ల కొంత. రెండు చోట్ల ఉన్నాయి కదా అన్నాను ధీమాగా. ఆ రెండు చోట్లూ ఒకే డిస్కులో రెండు ఫోల్డర్లు. బీరువాలో పై అరలో ఒకటి, కింది అరలో ఒకటి దాచుకున్నట్టు దాచుకున్నాడు పాపం. ఇల్లే కాలితే అరలేం చేస్తాయి? పాడైన డిస్కుల్లోంచి దొరికినంత లాగి ఇచ్చేవాళ్లు ఒక చోట ఉన్నారంటే అక్కడికి పంపించాం.

ఆ ఎదురుచూపు రోజుల్లో నేను సెలవు పెట్టి వాళ్లింట్లోనే ఉన్నాను. పిన్ని ఒక్కొక్క తొడుగూ తీసేసింది. ఫ్రిజ్జుది, టీవీది, సిలిండరుది, గడియారానిది. చుట్టాలెవరూ రావడం లేదు, అయినా తీసేసి, మడతపెట్టి, మంచం కిందికి తోసేసింది. లారీలు పోతుంటే దుమ్ము వచ్చి అన్నిటి మీదా పడేది. ఆవిడ గుడ్డ తీసుకుని తుడవను కూడా తుడవలేదు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరే మనిషి, అడిగినదానికి ఊఁ అంటే ఊఁ. ఆ ఇంట్లో ఇద్దరికీ మాట పోయింది.

ఒక పొద్దున కాఫీ ఇస్తూ, ఏం కాదులే పిన్నీ, తెలిసి చేశావా అన్నాను. ఆవిడ కప్పు అందుకోలేదు.

"ఒకసారి డాక్టరు తీశాడు. రెండోసారి నేను తీశాను" అంది. "ఆయనకి తెలుసే. తెలిసి కూడా నా గుడ్డ తియ్యలేదు."

బాబాయి విన్నాడు. గబగబా పలక మీద ఏదో రాసి ఆవిడ ముందు పట్టుకున్నాడు. పిన్ని చూడలేదు, మొహం అటు తిప్పుకుంది. ఆయన పలక పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పిలవడానికి ఆయనకు గొంతు లేదు, చదవడానికి ఆవిడ కళ్లెత్తదు. నేను బాల్కనీలోకి వెళ్లి ఏడ్చాను.

డిస్కులోంచి దక్కింది ఒక్క ముక్క. మొట్టమొదట మైకు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి చేసుకుని, తీసేయడం మరిచిపోయిన రికార్డు. మెకానిక్కు కొత్త డిస్కు పెట్టి, అందులో అది వేసి ఇచ్చాడు. ఎందుకైనా మంచిదని నేను దాన్ని నా ఫోనులోకి, ఆఫీసు కంప్యూటరులోకి, ఎక్కడ కుదిరితే అక్కడికల్లా ఎక్కించాను. ఇంటికి తెచ్చి పెడితే మొదట కుట్టుమిషను చప్పుడు. తర్వాత బాబాయి: "హలో... హలో... ఏమోయ్, వినిపిస్తోందా?" మిషను ఆగింది. దూరం నుంచి పిన్ని గొంతు: "వినిపిస్తోంది లెండి, నాలుగు వీధులకీ వినిపిస్తోంది." బాబాయి నవ్వబోయాడు, అక్కడితో అయిపోయింది. ఉప్పు లేదు, మంచినీళ్లు లేవు, జాగ్రత్తగా వెళ్లిరా లేదు. ఆ గొంతుతో లోకంలో మిగిలింది అంతే.

బాబాయి ఎర్రమీటకు దాన్నే పెట్టించుకున్నాడు. రోజూ నొక్కేవాడు. తను అడుగుతాడు, పాత పిన్ని జవాబు చెబుతుంది. ఇప్పటి పిన్ని మిషను ముందు కూర్చుని పలకదు. నవ్వుతూ జవాబిచ్చే ఆ గొంతు వినలేక చెవులు మూసుకోవడం నేను చూశాను. బాబాయీ చూశాడు.

ఆ మర్నాడు నన్ను పిలిచి పలక మీద రాశాడు: "మీ పిన్ని మాట కత్తిరించు." నాకు కోపం వచ్చింది. మిగిలిందే అంత, అందులో సగం తీసేస్తానంటావేమిటని అడిగాను. ఆయన ఓపిగ్గా తుడిచి, కింద రాశాడు: "జవాబు అందులో వద్దు. తను ఇవ్వాలి."

అసలుది భద్రంగా ఉంచి, వేరే కాపీ చేసి, "వినిపిస్తోందా" దగ్గర కత్తిరించి ఇచ్చాను. పిన్ని అప్పుడు కిటికీ కింద కూర్చుని, బ్లేడుతో ఆ గలీబు కుట్లు విప్పుతోంది. పొరలు విడదీసి, స్పాంజి పక్కన పడేసి, చొక్కా ముక్కలు ఒక్కొక్కటీ ఒళ్లో పరుచుకుంటోంది. మళ్లీ చొక్కాలుగా కుట్టేద్దామని చూస్తోందో, ఊరికే విప్పుతోందో నాకు తెలియలేదు, అడగలేదు.

బాబాయి మీట నొక్కాడు. "హలో... హలో... ఏమోయ్, వినిపిస్తోందా?"

ఎప్పుడూ వచ్చే జవాబు రాలేదు. పిన్ని చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. బాబాయి రెండోసారి నొక్కాడు. హాలంతా నిండుగా, బస్టాండులో మోగినట్టు మోగింది ఆ గొంతు, మోగి ఊరుకుంది. కింద రోడ్డు మీద లారీ ఏదో పోయింది. ఆయన మళ్లీ నొక్కాడు. ఆ అడగడంలో కొత్తగా చేరిందేమీ లేదు, అదే రికార్డు, అయినా ఈసారి అది బతిమాలుతున్నట్టే నాకు వినిపించింది.

"వినిపిస్తోంది లెండి" అంది పిన్ని. చొక్కా ముక్కలు అక్కడే వదిలేసి లేచి వచ్చి, కంప్యూటరు డబ్బా మీద, జ్వరం చూసినట్టు, చెయ్యి తిరగేసి పెట్టింది. అది చల్లగానే ఉంది. నేనూ ముట్టుకుని చూశాను.

"ఇక ఆపండి" అంది. "వేడెక్కుతుంది."

బాబాయి తలూపి ఆపేశాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆ మాట రోజుకు ఒక్కసారే వినిపిస్తుంది. అంతకు మించి పిన్ని నొక్కనివ్వదు.